ఒక్క టవర్ మీద మూడు స్టేషన్లు

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం, దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో ఇంకా అడుగుపెట్టని 234 ఊళ్ళకు 730 చానళ్ళు వేలం వేయడానికి ఒప్పుకుంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 22 ఊళ్ళు, 68 చానళ్ళు. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, గుంతకల్లు పేర్లున్న ఆ పట్టికలోనే ఆదోని కూడా ఉంది. దానికి మూడు చానళ్ళు.

ఆదోనికి దగ్గర్లోని మా కోసిగి వాళ్ళకు ఇది పక్కూరి కబురు కాదు. ఆదోనికి రైలెక్కితే అరగంట. పత్తి అమ్మాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా అక్కడికే పోతాం. కర్నూలు ఆకాశవాణి 102.4 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది గానీ ఆ ఊరు మనకు నేరుగా కొలిచినా ఎనభై కిలోమీటర్లకు పైనే. ఎఫ్.ఎం. తరంగానికి అది చాలా దూరం. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ ఇంత దూరం రాగలదు, కానీ ఇప్పటి ఫోన్లలో ఆ బ్యాండు పట్టేవి అరుదు. సుగ్గికి, అంటే వలస పనులకు, పోయినవాళ్ళు వెనక్కి వచ్చి పొలం పనుల్లో పడ్డాక చెవిలో పెట్టుకుని వినడానికి మన మాట, మన మార్కెట్ ధర, మన వాన కబురు చెప్పే రేడియో అంటూ దగ్గర్లో లేదు. అందుకే ఆదోని పేరు ఆ పట్టికలో ఉండడం నాకు ముఖ్యమైన విషయంగా తోస్తుంది.

మూడు చానళ్ళనగానే చాలామంది ఆదోనిలో మూడు టవర్లు లేస్తాయనుకుంటారు. అలా జరగదు. 2005లో మొదలైన రెండో విడత ఎఫ్.ఎం. విధానం నుంచి ఒక ఊళ్ళోని ప్రైవేటు స్టేషన్లన్నీ ఒకే చోట నుంచి ప్రసారం చేయాలన్నది నియమం. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి లాంటి చోట్ల వచ్చిన ప్రైవేటు స్టేషన్లన్నీ ఆ పద్ధతిలో వచ్చినవే. వీలున్న చోట ప్రసార భారతి టవర్ వాడుకుంటారు. ఉమ్మడి ఏర్పాటును ఎక్కువగా కట్టి ఇచ్చింది బెసిల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. స్టూడియోలు ఎవరివి వారివి, ట్రాన్స్‌మిటర్లు ఎవరివి వారివి. కానీ చివర్లో పైకి పోయే లావాటి కేబులు ఒకటే, టవర్ మీది యాంటెన్నా ఒకటే. నాలుగైదు కంపెనీల పాటలు, మాటలు, ప్రకటనలు అన్నీ ఆ ఒక్క దారిలోనే పైకెక్కుతాయి.

ఒకదానికొకటి కలగాపులగం కాకుండా అదెలా సాధ్యం? జవాబు టవర్ కింద ఒక గదిలో ఉంటుంది. కంబైనర్ అనే సామాను అక్కడే పెడతారు. దాని పని అర్థం చేసుకోవాలంటే ముందు అసలు ఇన్ని స్టేషన్లను ఒకే యాంటెన్నాకు ఎందుకు తెస్తారో చూడాలి.

మొదటి సంగతి ఎత్తు. ఎఫ్.ఎం. తరంగం ఇంచుమించు చూపు లాగే తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం పోయాక నేల దాన్ని మరుగు చేస్తుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో ఎంతో చూసి, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే తరంగం ఎన్ని కిలోమీటర్ల దాకా నేలను తాకుతూ పోగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఎత్తు 50 మీటర్లయితే 29 కిలోమీటర్లు, 100 మీటర్లయితే 41. ఆదోని నుంచి కోసిగికి గీత గీసినట్టు కొలిస్తే సుమారు పాతిక కిలోమీటర్లు. అంటే పొట్టి టవర్ పెడితే కోసిగి అంచున పడుతుంది, మధ్యలో ఏ గుట్ట అడ్డొచ్చినా ప్రసారం తెగిపోతుంది. పొడుగు టవరైతే, లేదా మామూలు టవరునే గుట్ట మీద పెడితే నిబ్బరంగా అందుతుంది. అలాంటి మంచి చోటు ఏ ఊళ్ళోనైనా ఒకటో రెండో ఉంటాయి. వంద మీటర్ల ఇనుప టవర్‌కు పునాది, స్థలం, విమానాలకు కనపడే ఎర్ర దీపాలు, టవర్ చోటుకు సాక్ఫా అనే కేంద్ర కమిటీ ఇచ్చే అనుమతి అన్నీ కావాలి. ఆదోని లాంటి ఊళ్ళో వచ్చే ప్రకటనల రాబడితో మూడు కంపెనీలు విడివిడిగా ఆ ఖర్చు పెట్టుకోలేవు.

రెండో సంగతి బయటివాళ్ళకు అంతగా తెలియదు గానీ వినేవాళ్ళకు అదే ముఖ్యం. మూడు స్టేషన్లు ఊరికి మూడు మూలల నుంచి ప్రసారం చేశాయనుకోండి. మొదటి టవర్ పక్క వీధిలో ఉన్నవాళ్ళ రేడియోకు ఆ స్టేషన్ సిగ్నల్ విపరీతమైన బలంతో తగులుతుంది. మిగతా రెండూ దూరంగా ఉన్నాయి కాబట్టి పలచగా వస్తాయి. చవక రేడియోకు ఆ రెంటినీ వేరుచేసి పట్టుకునే శక్తి ఉండదు. బలమైనది తక్కినవాటిని కప్పేస్తుంది. మూడూ ఒకే యాంటెన్నా నుంచి వస్తే ఈ బాధ లేదు. టవర్ కిందైనా, కోసిగిలోనైనా మూడింటి బలం ఒకే నిష్పత్తిలో ఉంటుంది. దగ్గరైతే మూడూ గట్టిగా, దూరమైతే మూడూ సన్నగా. ఖర్చు తగ్గుతుందన్న కారణం ఒక్కటే చెప్పి ఊరుకుంటారు గానీ, నా దృష్టిలో వినేవాళ్ళకు జరిగే ఈ మేలే పెద్దది.

ఇప్పుడు కలపడం సంగతి. మూడు ట్రాన్స్‌మిటర్ల కేబుళ్ళు తెచ్చి ఒక టీ జాయింటు పెట్టి యాంటెన్నాకు కలిపేస్తే సరిపోదా? రెండు బోర్ల నీళ్ళు ఒకే పైపుకు కలిపిన రైతుకు దీని జవాబు తెలుసు. చెక్ వాల్వులు పెట్టకుండా కలిపితే బలమైన మోటారు నీళ్ళు తొట్టిలోకి పోయేదానికన్నా పక్క బోరులోకి దిగేదే ఎక్కువ. ఇక్కడా అంతే. మొదటి ట్రాన్స్‌మిటర్ పంపే కరెంటు యాంటెన్నా వైపు కొంత, రెండో ట్రాన్స్‌మిటర్ నోట్లోకి కొంత పోతుంది. బలం తగ్గడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. రెండో ట్రాన్స్‌మిటర్ చివరి ఆంప్లిఫయర్‌లోకి ఎదురొచ్చిన ఆ కరెంటు అక్కడున్న సొంత సిగ్నల్‌తో కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తుంది. అసలు ప్రమాదం అది.

హైదరాబాద్‌లో రేడియో వినేవాళ్ళకు బాగా తెలిసిన రెండు నంబర్లు తీసుకుందాం. బిగ్ ఎఫ్.ఎం. 92.7, రెడ్ ఎఫ్.ఎం. 93.5. ఈ రెండూ ఒక ఆంప్లిఫయర్‌లో కలిసిపోతే పుట్టే పిల్లల్లో ముఖ్యమైనవి ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేస్తే వచ్చేవి. 93.5ని రెట్టింపు చేస్తే 187. అందులోంచి 92.7 తీసేస్తే 94.3. ఇటు నుంచి చేస్తే 185.4లోంచి 93.5 పోగా 91.9. అంటే ఎవరూ పంపని రెండు దొంగ సిగ్నళ్ళు 91.9 మీద, 94.3 మీద లేస్తాయి. ఒక ఊళ్ళో స్టేషన్ల మధ్య కనీసం 0.8 మెగాహెర్ట్జ్ ఎడం ఉండేలా నంబర్లు ఇస్తారు కాబట్టి, ఆ దొంగ సిగ్నల్ కూడా సరిగ్గా అదే మెట్టు మీద, వేరొకరికి ఇచ్చిన చోటనే పడవచ్చు. అక్కడున్న స్టేషన్ వినేవాళ్ళకు రెండు పాటలు కలిసిన గోల వినపడుతుంది. ఎవరి తప్పో వాళ్ళకు తెలియదు.

ఇంకో లెక్క చూస్తే ఇది పాటలతో పోయే వ్యవహారం కాదని తెలుస్తుంది. ఒకే చోట 102.4, 93.5 రెండూ ఉన్నాయనుకుంటే, 102.4ను రెట్టింపు చేసి 93.5 తీసేస్తే 111.3. ఎఫ్.ఎం. బ్యాండు 108 దగ్గర ఆగిపోతుంది. ఆ పైనుంచి 112 దాకా ఉన్న భాగం విమానం దిగేటప్పుడు రన్‌వే మధ్య గీతను పైలట్‌కు చూపించే సంకేతాలది. అందులో 111.3 ఆ పనికి కేటాయించే నంబర్లలో ఒకటి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 నుంచి, కడపలో అంతకుముందు నుంచే విమానాలు దిగుతున్నాయి. ఏ ఊరి ఎఫ్.ఎం. టవర్ దగ్గరైనా ఈ లెక్క వేసి చూడనిదే స్విచ్ వేయకూడదు.

కాబట్టి కంబైనర్ మొదటి ధర్మం కలపడం కాదు, విడదీయడం. ప్రతి ట్రాన్స్‌మిటర్‌కూ యాంటెన్నా దారి తెరిచి, పక్క ట్రాన్స్‌మిటర్ దారి మూసెయ్యాలి. ఎంత గట్టిగా మూయాలి? 40 డెసిబెల్స్ అంటే పక్కవాడి పవర్‌లో పదివేలో వంతు మాత్రమే మనవైపు రావడం. అంతకన్నా ఎక్కువే కోరుకుంటారు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది సులువు, కానీ దుబారా. హైబ్రిడ్ అనే చిన్న సామానుకు నాలుగు నోళ్ళు. రెండు ట్రాన్స్‌మిటర్లు రెండు నోళ్ళలోకి వస్తాయి. ఒకదానికొకటి కనపడవు. మూడో నోటి నుంచి యాంటెన్నాకు పోతుంది. నాలుగో నోటికి డమ్మీ లోడ్ అనే నిరోధం కడతారు. అక్కడికి పోయిన పవరంతా వేడిగా మారి గాల్లో కలుస్తుంది. ఫ్రీక్వెన్సీలు వేరైతే ప్రతి ట్రాన్స్‌మిటర్ పవర్‌లో సగం యాంటెన్నాకు, సగం ఆ డమ్మీకి. నాలుగు కలపాలంటే సగంలో సగం. యాభై వాట్ల సెట్టు నుంచి యాంటెన్నాకు చేరేది పన్నెండున్నర వాట్లే. కొండ మీద పోలీసు, ఫైర్, అటవీ శాఖల వైర్‌లెస్ రిపీటర్లు పెట్టే చోట ఇది నడుస్తుంది. అక్కడ పవర్ తక్కువ, నంబర్లు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి, ఇంకో దారి దొరకదు. హైబ్రిడ్‌కు తోడుగా ఐసొలేటర్ అనే ఇంకో సామాను వాడతారు. లోపల అయస్కాంతం పెట్టిన ఫెర్రైట్ బిళ్ళ ఉంటుంది. పోయే సిగ్నల్‌ను వదిలి, ఎదురొచ్చేదాన్ని పక్కకు తిప్పి డమ్మీలో పడేస్తుంది. కానీ ఐదు కిలోవాట్ల ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్‌కు రెండున్నర కిలోవాట్లు పొయ్యిలో పోసినట్టు తగలబెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

అక్కడ రెండో దారి పనికొస్తుంది. కేవిటీ ఫిల్టర్లు. కంబైనర్ గదిలోకి పోతే ముందు కనపడేవి ఇవే. మనిషి ఎత్తు ఫ్రేముల్లో వరసగా అమర్చిన లోహపు డబ్బాలు, ఒక్కోటి నీళ్ళ డ్రమ్ముకు కాస్త తక్కువ సైజు. డబ్బా లోపల నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టం పొడవు తరంగం పొడవులో నాలుగో వంతు ఉన్నప్పుడే ఆ డబ్బా ఆ ఫ్రీక్వెన్సీకి పలుకుతుంది. వంద మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లు. నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. అందుకే ఈ డబ్బాలు అంత పొడుగు. పైన మూతలోంచి ఒక మరకడ్డీ బయటికొచ్చి ఉంటుంది, దానికి లాక్ నట్టు. ఇంజనీరు ఆ కడ్డీని వెంట్రుకవాసి తిప్పి, ముందున్న ఎనలైజర్ తెర మీద గీతను చూసి, మళ్ళీ తిప్పి, గీత తాను కోరిన నంబరు దగ్గర కొండలా లేచినప్పుడు నట్టు బిగిస్తాడు. ఒక స్టేషన్‌కు అలాంటి డబ్బాలు మూడో నాలుగో వరసగా కలుపుతారు. తన నంబర్‌ను దాటిస్తాయి, మిగతా నంబర్లకు గోడ కడతాయి.

ఈ ఫిల్టర్ల చివరలన్నీ తెచ్చి ఒక చుక్క దగ్గర కలపడం ఒక పద్ధతి. దాన్ని స్టార్ పాయింట్ అంటారు. అక్కడ కలిసే ప్రతి కేబుల్ పొడవూ కొలిచి కోస్తారు, పక్కవాడి సిగ్నల్ ఆ కొమ్మ వైపు చూస్తే అక్కడ దారే లేనట్టు కనిపించేలా. ఇది చవక, తక్కువ జాగా పడుతుంది. కానీ రేపు నాలుగో స్టేషన్ వస్తే మళ్ళీ అన్ని కొమ్మలూ కొలుచుకోవాలి.

రెండో పద్ధతి, బ్యాలన్స్‌డ్ కంబైనర్, నాకు ఎంత చూసినా తనివి తీరని పనితనం. ఇందులో రెండు హైబ్రిడ్లు, వాటి మధ్య ఒకేలాంటి రెండు ఫిల్టర్లు ఉంటాయి. మన స్టేషన్ సిగ్నల్ మొదటి హైబ్రిడ్‌లో రెండు పాయలవుతుంది, రెండు ఫిల్టర్లనూ దాటుతుంది, రెండో హైబ్రిడ్‌లో మళ్ళీ ఒక్కటై యాంటెన్నా వైపు పోతుంది. మిగతా స్టేషన్ల సిగ్నళ్ళు రెండో హైబ్రిడ్‌కున్న ఇంకో నోట్లోంచి వస్తాయి. అవి కూడా రెండు పాయలై ఫిల్టర్లను వెనకవైపు నుంచి తాకుతాయి. కానీ ఆ ఫిల్టర్లు వాటి నంబర్‌కు పలకవు, వెనక్కి తోసేస్తాయి. రెండు పాయలూ వెనక్కొచ్చి హైబ్రిడ్‌లో కలిసేటప్పుడు, వాటి దశలు కుదిరే తీరు వల్ల వచ్చిన నోటికి కాక యాంటెన్నా నోటికే పోతాయి. అంటే ఒక స్టేషన్ లోపలికి అనుమతి దొరికి యాంటెన్నాకు చేరితే, మిగతావి తలుపు దగ్గర కాదనిపించుకుని అదే యాంటెన్నాకు చేరతాయి. తప్పిపోయిన కొసరు ఏదైనా ఉంటే డమ్మీ లోడ్ తినేస్తుంది. ఇలాంటి పెట్టెను ఒక మాడ్యూల్ అంటారు. ఒక మాడ్యూల్ యాంటెన్నా నోటిని తర్వాతి మాడ్యూల్ వెనక నోటికి కలుపుతూ పోతే ఎన్ని స్టేషన్లైనా గొలుసుకట్టుగా చేర్చవచ్చు. పాతవాటి నట్లు ముట్టుకోనక్కర్లేదు.

ఇంత బాగున్న సామానుకు మన ఎండ ఒక శత్రువు. కర్నూలు, ఆదోని వైపు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. వేడికి లోహం పొడుగవుతుంది. రాగి డిగ్రీకి పదిలక్షలో పదిహేడు వంతులు సాగుతుంది. కొద్దే కదా అనిపిస్తుంది. ఇరవై డిగ్రీల ఏసీ గదిలో శ్రుతి చేసిన ఫిల్టర్, కరెంటు పోయి ఏసీ ఆగి 45 డిగ్రీలకు చేరిందనుకోండి. పాతిక డిగ్రీల తేడా. లెక్క కడితే వంద మెగాహెర్ట్జ్ ఫిల్టర్ సుమారు 42 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది. ఎఫ్.ఎం.లో మాట, పాట అటూ ఇటూ ఊగేదే 75 కిలోహెర్ట్జ్. అందులో సగానికి పైన పక్కకు జరిగితే సిగ్నల్ గోడకు రాసుకుంటూ పోతున్నట్టే. కొంత పవర్ వెనక్కి తన్నుతుంది, ఫిల్టర్‌లో ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా జారుతుంది. మామూలుగా ఉన్నప్పుడే ఫిల్టర్లు 0.3 డెసిబెల్ నష్టం చేస్తాయనుకుంటే, ఐదు కిలోవాట్ల స్టేషన్‌కు సుమారు 330 వాట్లు ఆ డబ్బాల్లోనే వేడిగా దిగుతాయి. మూడు స్టేషన్లయితే ఆ గదిలో ఎల్లవేళలా ఒక కిలోవాట్ హీటర్ వెలుగుతున్నట్టు. అందుకే మంచి ఫిల్టర్ల లోపలి కడ్డీ ఇన్వార్ అనే ఇనుము-నికెల్ మిశ్రమంతో చేస్తారు. అది రాగిలో పదో వంతు కూడా సాగదు. టెండరు పత్రంలో ఒక గీత తగ్గితే ఆ కడ్డీ మామూలు లోహం అవుతుంది. చలికాలంలో పరీక్ష పాసవుతుంది, మే నెలలో మొరాయిస్తుంది. మన ప్రాంతానికి కొనే సామానుకు ఈ ఒక్క షరతు మీద పట్టుబట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

కంబైనర్ దాటాక ఇంకో లెక్క ఎదురవుతుంది. ఒక్కోటి ఒక కిలోవాట్ చొప్పున మూడు ట్రాన్స్‌మిటర్లు కలిస్తే కేబుల్‌లో పోయేది మూడు కిలోవాట్లు. సగటు వరకు అది నిజమే. కేబుల్ ఎంత వేడెక్కుతుందో ఆ సగటే చెబుతుంది. కానీ మూడు తరంగాలూ వేర్వేరు వేగాలతో ఊగుతున్నాయి కాబట్టి ఒక్కో క్షణం మూడింటి శిఖరాలూ కలిసొస్తాయి. ఆ క్షణంలో వోల్టేజి మూడు రెట్లు. పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి తొమ్మిది కిలోవాట్ల శిఖరం. ఐదు కిలోవాట్లవి నాలుగు కలిస్తే సగటు ఇరవై, శిఖరం ఎనభై. కేబుల్‌ను, కనెక్టర్‌ను సగటు చూసి కొన్నవాళ్ళకు ఏదో ఒకరోజు ఆ శిఖరం దగ్గర నిప్పురవ్వ లేచి కనెక్టర్ కాలిపోతుంది. ఉమ్మడి దారి కదా, ఒక కనెక్టర్ కాలితే మూడు స్టేషన్లూ మూగబోతాయి.

టవర్ మీది యాంటెన్నాకూ ప్రత్యేకత కావాలి. ఒకే స్టేషన్ కోసం చేసిన యాంటెన్నా తన నంబర్‌కు మాత్రం సరిపోతే చాలు. ఉమ్మడి యాంటెన్నా 88 నుంచి 108 దాకా ఏ నంబరు పెట్టినా వెనక్కి తన్నకుండా మింగాలి. అందుకే పలకల్లాంటి ప్యానెళ్ళు టవర్ నాలుగు ముఖాలకూ వరసలుగా బిగిస్తారు. కడప మీడియం వేవ్ టవర్‌తో దీన్ని పోలిస్తే తేడా అర్థమవుతుంది. 900 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 333 మీటర్లు, నాలుగో వంతే 83 మీటర్లు. మీడియం వేవ్‌లో నిలబడ్డ టవరే యాంటెన్నా. ఎఫ్.ఎం.లో టవర్ కేవలం నిచ్చెన, అసలు యాంటెన్నా దాని కొసన ఉన్న మీటరున్నర కడ్డీలు.

ఈ ఉమ్మడి యాంటెన్నా ఆలోచన మనది కాదు, కొత్తదీ కాదు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మీద 1965లో ఆండ్రూ ఆల్‌ఫర్డ్ రూపొందించిన యాంటెన్నా పెట్టారు. నూటరెండో అంతస్తు కిటికీల పైన ఒక వలయం, కింద ఒక వలయం, రెంటిలో కలిపి 32 కడ్డీలు. ఊళ్ళోని ఎఫ్.ఎం. స్టేషన్లు ఒక్కొక్కటే వచ్చి దానికి తగులుకున్నాయి. అంతటి నగరంలో కూడా అప్పుడు అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే.

మన కళ్ళ ముందున్న సెల్ టవర్లలోనూ ఇదే పని చిన్న రూపంలో జరుగుతోంది. ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీలున్నా సాధారణంగా వాటా టవర్‌కు, జనరేటర్‌కు వరకే, యాంటెన్నాలు ఎవరివి వారివే. కానీ ఒక కంపెనీ 900, 1800, 2100 మెగాహెర్ట్జ్ సేవలు ఒకే తెల్ల పలక లోంచి రావడం మామూలు. ఆ బ్యాండ్లు ఒకదానికొకటి చాలా దూరం కాబట్టి కలిపే ఫిల్టర్ అరచేతిలో పట్టేంత చిన్నది. యాంటెన్నాను, కేబుల్‌ను కూడా కంపెనీలు పంచుకోవచ్చని 2008లోనే కేంద్రం అనుమతించింది.

మళ్ళీ ఆదోనికి వస్తాను. వేలం ముగిసి, డబ్బు కట్టి, టవర్ లేచే రోజు వస్తే అక్కడ చూడాల్సినవి కొన్నున్నాయి. ప్యానెళ్ళను పై సగం, కింది సగంగా విడదీసి రెండు కేబుళ్ళు వేయాలి. ఒకటి పాడైతే రెండోదాని మీద సగం పవర్‌తోనైనా మూడూ నడుస్తాయి. తొలి ఖర్చు పెరుగుతుందని ఈ రెండో కేబులును కొట్టేయడం సులువు. కొట్టేయనివ్వకూడదు.

తర్వాతిది నేల. మన వైపు నల్లరాతి గుట్టలు, పైన పలచటి మన్ను, అది కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటుంది. ఎండిన మన్ను, రాయి కరెంటును తీసుకోవు. పిడుగు పడితే ఆ కరెంటు నేలలోకి దిగాలి, దిగడానికి దారి లేకపోతే కేబులు పట్టుకుని కంబైనర్ గదిలోకి వస్తుంది. అందుకే ఎర్త్ గుంతలు ఒకటి రెండు కాదు, చుట్టూ ఎన్నో తవ్వి రాగి పట్టీతో కలిపి, బెంటొనైట్ లాంటి తేమ నిలిపే మట్టి పోయాలి, ఎండాకాలంలో వాటికి నీళ్ళు పోసే మనిషిని పెట్టాలి. ఆ మనిషి జీతం ఏ స్టేషన్ ఖాతాలో రాయాలన్న తగువు మొదటి రోజే తేల్చుకోవాలి. మన పొడిగాలి ఒక మేలు కూడా చేస్తుంది. విశాఖలో లాగా ఉప్పుగాలికి నట్లు తుప్పు పట్టవు. తుప్పు పట్టిన జాయింటు కూడా ఆంప్లిఫయర్ లాగే రెండు సిగ్నళ్ళను కలిపి దొంగ సిగ్నల్ పుట్టిస్తుంది. కానీ పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి లోహం సాగి ముడుచుకుని నట్లు వదులవుతాయి. వదులు జాయింటు చేసే చెరుపూ అదే.

అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది టవర్ ఎక్కే మనిషి గురించి. సొంత యాంటెన్నా అయితే సొంత స్టేషన్ ఆపి ఎక్కించవచ్చు. ఉమ్మడి యాంటెన్నాలో ఒక స్టేషన్ ఆగినా మిగతా రెండూ అదే కడ్డీల్లోంచి కిలోవాట్లు పోస్తుంటాయి. తాకితే ఒళ్ళు కాలుతుంది, దగ్గర నిలబడ్డా లోపలి కండ వేడెక్కుతుంది. మూడు స్టేషన్లూ ఆపి, మూడు తాళాలూ వేసి, ఆ మూడు తాళంచెవులూ ఎక్కే మనిషి జేబులో ఉన్నాకే అతను మొదటి మెట్టు ఎక్కాలి. ప్రకటనలు పోతాయని ఒక కంపెనీ ఆపనంటే ఆరోజు పని వాయిదా వేయాలి. దీన్ని ఒప్పందంలో రాతపూర్వకంగా పెట్టాలి.

అనుమతులు పదిహేనేళ్ళకు ఇస్తారు కాబట్టి కంబైనర్ గది మూడు మాడ్యూళ్ళకు సరిగ్గా సరిపోయేలా కాక, నాలుగైదింటికి జాగా వదిలి కట్టాలి. రేపు ఆకాశవాణి ఆదోని నుంచి కూడా రైతుల కార్యక్రమం వేయాలనుకుంటే దానికి కొత్త టవర్ అక్కర్లేదు, ఒక మాడ్యూల్ చాలు.

కోసిగికి సొంత గొంతు కావాలంటే మాత్రం దారి వేరు. కమ్యూనిటీ రేడియోకు మన దేశంలో ఇచ్చేది వంద వాట్లు, ముప్పై మీటర్ల టవర్. పై లెక్క ప్రకారం దాని చూపు 22 కిలోమీటర్లకు కాస్త పైన. మండలానికి అది సరిపోతుంది, ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు, కంబైనర్ ఊసే లేదు. అయినా ఆదోని గదిలో జరిగేది దానికీ తగులుతుంది. కమ్యూనిటీ స్టేషన్లకు ఇచ్చే నంబర్లలో 91.2 ఒకటి. ఆదోనిలో 91.9, 92.7 వచ్చాయనుకుందాం. 91.9ని రెట్టింపు చేసి 92.7 తీసేస్తే 91.1. 91.2కూ దీనికీ నడుమ ఉన్న ఎడం 0.1 మెగాహెర్ట్జ్, అంటే ఒకదాని మీద ఒకటి పడినట్టే. కోసిగి ఊళ్ళో సొంత టవర్ బలం ముందు అది నిలవకపోవచ్చు గానీ, ఆదోని వైపు పల్లెల్లో మన స్టేషన్ గొంతు చిరిగిపోతుంది. ఆదోని కంబైనర్ ట్రాన్స్‌మిటర్లను ఒకదాన్నుంచి ఒకటి ఎన్ని డెసిబెల్స్ విడదీస్తోందో చెప్పే కొలత కాగితం ప్రారంభోత్సవం రోజున ఒకసారి, ఆ తర్వాత ఎండాకాలం నడిమధ్యలో ఇంకోసారి తీయించి చూడాలి. ఆ రెండో కొలత అడిగే హక్కు ఆదోని వాళ్ళతోపాటు కోసిగి వాళ్ళకూ ఉంది.